పట్టాకన్నా ముందు పుట్టిన శాస్త్రం: భారతదేశంలో క్యాన్సర్ జీవశాస్త్ర అధ్యయన చరిత్ర

వ్యాస సంగ్రహం

క్యాన్సర్ జీవశాస్త్రం ఇవాళ ఎం.ఎస్సీ. స్థాయిలో చదువుకోదగిన విషయం. ఆ పేరుతో పట్టాలు రాకముందు ఈ శాస్త్రాన్ని నిర్మించినవారు వృక్షశాస్త్రం, కర్బన రసాయనశాస్త్రం, పాథాలజీ, దంతవైద్యం, గణాంకశాస్త్రం వంటి వేర్వేరు చదువుల నుంచి వచ్చారు. కమల్ రణదివే, యల్లాప్రగడ సుబ్బారావు, పుష్ప మిత్ర భార్గవల విద్యామార్గాలను, ఉత్తరాంధ్రలోని ‘అడ్డపొగ’ అలవాటుపై జరిగిన పరిశోధనలను ఆధారం చేసుకొని ఆ నిర్మాణక్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేటి పాఠ్యప్రణాళికలో ఆ చరిత్రకు ఉండవలసిన చోటును గురించిన చర్చ చివరి భాగంలో ఉంది.

కీలక పదాలు: క్యాన్సర్ జీవశాస్త్రం, స్నాతకోత్తర విద్య, కణజన్యుశాస్త్రం, కమల్ రణదివే, యల్లాప్రగడ సుబ్బారావు, అడ్డపొగ.

1. ఉపోద్ఘాతం

1943లో కమల్ రణదివే పుణే వ్యవసాయ కళాశాలలో చదివి ఎం.ఎస్సీ. పట్టా పొందారు. ఆమె ఎంచుకున్న విషయం సీతాఫలం కుటుంబానికి చెందిన మొక్కల కణజన్యుశాస్త్రం. ఆరేళ్ల తరువాత, 1949లో, బొంబాయి విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆమె పనిచేస్తున్నది టాటా స్మారక ఆసుపత్రి ప్రయోగశాలలో. పరిశోధిస్తున్నది క్యాన్సర్ గురించి. ఆమె జీవితాన్ని పరిచయం చేసే వ్యాసాలు ఈ రెండు పట్టాల మధ్య దూరాన్ని ఒక ‘మలుపు’గా పేర్కొని ముందుకు సాగిపోతాయి. అది నిజంగా మలుపేనా, లేక అప్పటి శాస్త్రానికి అదే రాచబాటా అన్న ప్రశ్న ఈ వ్యాసానికి ప్రేరణ.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. క్యాన్సర్ వైద్యం వేరు, క్యాన్సర్ జీవశాస్త్రం వేరు. రోగిని పరీక్షించి, కణితిని గుర్తించి, శస్త్రచికిత్స, కిరణచికిత్స, ఔషధాలతో నయం చేయడానికి ప్రయత్నించేది మొదటిది. శరీరంలోని ఒక కణం తన చుట్టూ ఉన్న కణాల కట్టుబాటును ఎందుకు తప్పుతుంది, తప్పిన కణం తన సంతానానికి ఆ గుణాన్ని ఎలా అందిస్తుంది అని అడిగేది రెండవది. తెలుగులో ఈ వ్యాధికి రాచపుండు, రాచకురుపు అన్న పాత పేర్లున్నాయి. సంస్కృత వైద్యగ్రంథాల నుంచి వచ్చిన ‘అర్బుదం’ ఉంది. ఇవన్నీ పైకి కనబడే పుండుకో గడ్డకో పెట్టిన పేర్లు. కణాన్ని కేంద్రంగా చేసుకొన్న శాస్త్రానికి మనకు పాతపేరు లేదు. ఉండే అవకాశమూ లేదు. అందువల్ల ‘క్యాన్సర్ జీవశాస్త్రం’ అన్న వాడుకనే ఈ వ్యాసంలో స్వీకరించాను.

ఈ శాస్త్రానికి విశ్వవిద్యాలయంలో ప్రత్యేకస్థానం దొరకడం ఇరవయ్యో శతాబ్ది నడుమ జరిగింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్ నగరంలో 1940లో మెక్‌ఆర్డిల్ ప్రయోగశాలను నెలకొల్పింది. ఆసుపత్రికి అనుబంధంగా కాక, విశ్వవిద్యాలయంలో ఒక విద్యావిభాగంగా మౌలిక క్యాన్సర్ పరిశోధనలో పట్టాలకు దారి తెరిచిన తొలి కేంద్రాల్లో అది ఒకటి. మన దేశంలో టాటా స్మారక ఆసుపత్రి తలుపులు తెరిచింది 1941 ఫిబ్రవరి 28న. ఏడాది తేడాతో పుట్టిన ఈ రెండు సంస్థలూ రెండు వేర్వేరు మార్గాలకు ప్రతీకలు. అక్కడ శాస్త్రం తరగతిగది పక్కన పెరిగింది. ఇక్కడ రోగిమంచం పక్కన పెరిగింది. ఈ తేడా ప్రభావం మన చదువులపై నేటికీ ఉన్నదని నా అభిప్రాయం.

2. సీతాఫలం నుంచి చిట్టెలుక దాకా

కమల్ సమర్థ్ 1917 నవంబరు 8న పుణేలో పుట్టారు. తండ్రి ఫెర్గూసన్ కళాశాలలో జీవశాస్త్ర అధ్యాపకుడు. కూతురు వైద్యం చదవాలని, వైద్యుణ్ణి వివాహమాడాలని ఆయన కోరిక. ఆమె ఆ రెండూ చేయలేదు. వృక్షశాస్త్ర, జంతుశాస్త్రాల్లో పట్టభద్రురాలై, 1939లో గణితవేత్త జె.టి. రణదివేను వివాహం చేసుకొని, మొక్కల క్రోమోజోములపై పరిశోధనకు పూనుకున్నారు. భర్త ఉద్యోగరీత్యానో, అనుకోని అవకాశంవల్లనో ఆమె క్యాన్సర్ పరిశోధనలోకి వచ్చారనుకోవడం సులభం. కాని ఆనాటి శాస్త్రాన్ని చూస్తే వేరొక సంగతి కనిపిస్తుంది.

క్యాన్సర్‌కు క్రోమోజోములతో సంబంధం ఉండవచ్చునన్న ఊహను బలంగా ప్రతిపాదించినవాడు వైద్యుడు కాదు, జర్మన్ జంతుశాస్త్రవేత్త థియోడర్ బొవేరి. సముద్రపు అర్చిన్ అనే ముళ్లజీవి అండాన్ని ఒకేసారి రెండు శుక్రకణాలు ఫలదీకరిస్తే, పిల్లకణాలకు క్రోమోజోములు సమంగా పంపిణీ కావు. ఆ కణాలు అపసవ్యంగా పెరుగుతాయి. ఈ పరిశీలనలను కణితులకు అన్వయించి 1914లో ఆయన ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. దాన్ని పరీక్షించాలంటే క్రోమోజోములను విడదీసి లెక్కించగల నైపుణ్యం కావాలి. జంతుకణాల్లో, ముఖ్యంగా మనిషి కణాల్లో, అవి చిన్నవి, ఒకదానిపై ఒకటి పడి గుంపుగా ఉంటాయి. మొక్కల వేరుకొనల్లోనూ పుప్పొడి తల్లికణాల్లోనూ అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ కాలంలో క్రోమోజోములను బాగా చూడగలిగిన చేతులు ఎక్కువగా వృక్షశాస్త్రవేత్తలవే.

దీనికి మరొక ఉదాహరణ స్వీడన్‌లో ఉంది. మనిషి కణంలో క్రోమోజోములు 48 అని మూడు దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. 1956లో అవి 46 మాత్రమే అని తేల్చినవారు జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్. లెవాన్ ఉల్లివేళ్లపై రసాయనాల ప్రభావాన్ని పరిశీలించిన వృక్ష కణజన్యుశాస్త్రవేత్త. తరువాత క్యాన్సర్ క్రోమోజోముల అధ్యయనానికి మళ్లాడు. జియో వ్యవసాయశాస్త్రం చదివి బంగాళాదుంపల ప్రజననంలో పనిచేసినవాడు. నాలుగేళ్లు గడవకముందే, 1960లో, దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా రోగుల్లో అసహజంగా పొట్టిదైన ‘ఫిలడెల్ఫియా క్రోమోజోము’ బయటపడింది. ఉల్లివేరు, బంగాళాదుంప, సీతాఫలం: ఈ మూడింటి వెంట క్యాన్సర్ ప్రయోగశాలకు చేరినవారు దారి తప్పినవారు కారు. ఆ రోజుల్లో ఉన్న దారి అదే.

రణదివేను ఆ దారిలో స్వీకరించినవారు వసంత్ రాంజీ ఖానోల్కర్. లండన్‌లో పాథాలజీ చదివి, బొంబాయి వైద్యకళాశాలల్లో ఆచార్యత్వం నెరపి, టాటా స్మారక ఆసుపత్రిలో ప్రయోగశాలలకు, పరిశోధనకు అధిపతిగా వచ్చారు. ఆయన వైద్యుడే అయినా తన వద్ద డాక్టరేట్‌కు వైద్యపట్టా లేని వృక్షశాస్త్ర విద్యార్థినిని చేర్చుకోవడం నాటి పరిస్థితుల్లో చిన్న నిర్ణయం కాదు. ఆసుపత్రి పరిసరాల్లో వైద్యపట్టా లేనివారికి ఉండే స్థానం ఎలాంటిదో తెలిసినవారికి దీని విలువ అర్థమవుతుంది. ఆమె రొమ్ము క్యాన్సర్‌ను చిట్టెలుకల్లో అధ్యయనం చేశారు. తల్లిపాల ద్వారా రొమ్ము క్యాన్సర్ కారకం పిల్లలకు సంక్రమిస్తుందని అమెరికాలో జాన్ బిట్నర్ 1936లో చూపిన తరువాత ఈ అంశం ప్రపంచమంతటా వేడిగా ఉన్న కాలమది. వంశపారంపర్యం, హార్మోన్లు, వైరస్ ఈ మూడూ ఒకే వ్యాధిలో కలిసే చోటు అది. ఏదో ఒక శాఖలోనే కూర్చొని చదివితే తెగని చిక్కుముడి.

డాక్టరేట్ అనంతరం ఆమె బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గై వద్ద కణజాల వర్ధనం నేర్చుకున్నారు. ఆ పనికి కావలసినవి నేటిలాగా సీసాల్లో కొనుక్కోవడానికి దొరికేవి కావు. కోడిరక్తపు ప్లాస్మా, పిండాల నుంచి తీసిన రసం, బొడ్డుతాడు రక్తపు సీరం ప్రయోగశాలలోనే సేకరించి సిద్ధం చేసుకోవాలి. గాజునాళాలను నెమ్మదిగా తిప్పే డోలును గై స్వయంగా రూపొందించుకున్నాడు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖ కణితి నుంచి తీసిన కణాలు ఆ ప్రయోగశాలలోనే చావు లేకుండా పెరగడం మొదలుపెట్టాయి. ఆమెను అడగకుండానే వాటిని తీసుకున్నారు. ఆమె ఆ ఏడాది అక్టోబరులో మరణించింది. నేడు క్యాన్సర్ జీవశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసే విద్యార్థి తొలి నెలల్లో చేతబట్టే గాజుపళ్లెంలో ఉండేవి చాలాసార్లు ఈ ‘హీలా’ కణాలే. వాటి రెట్టింపు కాలం ఎంతో చెప్పే పాఠం, అవి ఎవరివో చెప్పకుండా పూర్తికాకూడదు.

1952లో బొంబాయిలో భారతీయ క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఖానోల్కర్ దాని తొలి సంచాలకులు. తిరిగివచ్చిన రణదివే అక్కడ కణజాల వర్ధన ప్రయోగశాలను స్థాపించారు; దేశంలో అటువంటివాటిలో అదే మొదటిదని చెబుతారు. 1966లో ఆ కేంద్రమూ ఆసుపత్రీ కలిసి టాటా స్మారక కేంద్రమయ్యాయి. ఆ దశాబ్దపు చివరి సంవత్సరాల్లో పరిశోధన విభాగాన్ని ఆమే నడిపించారు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చదివివచ్చిన యువతులకు, యువకులకు ఆ ప్రయోగశాలే తరగతిగది అయింది. 1973లో భారతీయ మహిళా శాస్త్రవేత్తల సంఘం స్థాపనలో ఆమె ముందున్నారు. 1982లో పద్మభూషణ్ వచ్చింది. ఆమె పట్టాల్లో ఏదీ క్యాన్సర్ జీవశాస్త్రం పేరుతో లేదు.

3. ఇద్దరు రసాయనవేత్తలు, ఒక పాఠం

యల్లాప్రగడ సుబ్బారావు కథ తెలుగు పాఠకులకు పరిచితమే. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించారని, దానికి ఆగ్రహించిన శస్త్రచికిత్స ఆచార్యునివల్ల ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందని జీవితచరిత్రలు చెబుతాయి. ప్రభుత్వ వైద్యసేవలో చోటు దొరకక ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. మన రచనలు ఈ అన్యాయాన్ని విస్తారంగా వర్ణిస్తాయి; వర్ణించవలసినదే. కాని ఆ పట్టా లోపం ఆయన శాస్త్రాన్ని నిర్ణయించలేదు. నిర్ణయించినది హార్వర్డ్‌లో ఆయన కొత్తగా నేర్చుకున్న జీవరసాయనశాస్త్రం. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి, ఆ కొలతే చేతికిచ్చిన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, 1930లో డాక్టరేట్ ఇవి ఆ చదువు ఫలాలు. అనంతరం 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లి ఫోలిక్ ఆమ్లంపై పనిచేశారు. ఆ బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో వెలువడిన వ్యాసం ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనిపించింది. ఆ మేలు తాత్కాలికమే. అయితే ఔషధంతో ల్యుకేమియాను కొంతకాలమైనా వెనక్కు నెట్టవచ్చునని అది నిరూపించింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

రెండో రసాయనవేత్త పుష్ప మిత్ర భార్గవ. అజ్మీరులో పుట్టి లక్నోలో కర్బన రసాయనశాస్త్రంలో 21 ఏళ్లకే డాక్టరేట్ సాధించి హైదరాబాదు చేరిన ఆయన, 1953లో మాడిసన్‌లోని మెక్‌ఆర్డిల్ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందంలో చేరారు. ఎలుకల కాలేయ కణితి మామూలు కాలేయంకన్నా యురాసిల్‌ను ఎక్కువగా వినియోగించుకుంటుందని అప్పటికే తెలిసింది. ఆ యురాసిల్‌లో ఐదో స్థానంలోని హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్‌ను ఉంచితే, కణితి దాన్ని ఆహారమని భ్రమించి గ్రహిస్తుందని హైడెల్‌బర్గర్ ఊహ. 1957లో వెలుగుచూసిన ఆ పదార్థమే 5-ఫ్లోరోయురాసిల్. అది నేటికీ పెద్దపేగు క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది. భార్గవ 1958లో హైదరాబాదుకు తిరిగివచ్చారు. 1977లో ఇక్కడ ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సి.సి.ఎం.బి., ఆయన సంకల్పఫలం. హైదరాబాదులో ఆధునిక కణశాస్త్రానికి వేసిన పునాదిరాళ్లలో ఒకటి క్యాన్సర్ ప్రయోగశాల నుంచి వచ్చిందన్న సంగతి మన వైజ్ఞానిక చరిత్రల్లో తగినంతగా ప్రస్తావనకు రాలేదు.

ఈ ఇద్దరినీ కలిపి చెప్పడానికి కారణం ఇద్దరికీ తెలుగునేలతో ఉన్న సంబంధం మాత్రమే కాదు. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ కావాలి; డీఎన్ఏకు థైమిడిలేట్ అనే ఇటుక కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైము థైమిడిలేట్ సింథేజ్. ఆ ఎంజైము పనిచేసిన ప్రతిసారీ దానికి తోడ్పడే ఫోలేట్ అణువు ఒకటి ఖర్చవుతుంది. దాన్ని మళ్లీ పనికివచ్చే రూపానికి తెచ్చేది మరొక ఎంజైము, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. హైడెల్‌బర్గర్ మందు మొదటిదాన్ని పట్టుకుంటుంది. లెడర్లీ నుంచి వచ్చిన అమినోప్టెరిన్, దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్ రెండోదాన్ని పట్టుకుంటాయి. ఒకరు విటమిన్‌ను వెతుకుతూ, మరొకరు కణితి తిండిని గమనిస్తూ ఒకే చక్రంలోని రెండు ఆకులను ఆపారు. వీరెవరికీ మొదట్లో ఆ చక్రం పూర్తి చిత్రం తెలియదు. నేటి ఎం.ఎస్సీ. విద్యార్థికి అది ఒక్క పుటలో బాణపుగుర్తులతో లభిస్తుంది. అదొక సౌలభ్యమూ, ఒక నష్టమూ.

4. అడ్డపొగ: ఉత్తరాంధ్ర పల్లెలు వేసిన ప్రశ్న

ఇంతవరకు చెప్పినవి ప్రయోగశాలల కథలు. క్యాన్సర్ జీవశాస్త్రానికి ప్రశ్నలు పుట్టించిన మరొక చోటు ఉంది. అది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లోని ఇంటి అరుగు.

చుట్టను నిప్పు నోటిలోపల ఉండేలా పెట్టుకొని పీల్చడాన్ని అక్కడ ‘అడ్డపొగ’ అంటారు. గాలికీ తడికీ చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, ఒక చుట్ట ఎక్కువసేపు వస్తుందని దీనికి వివరణలు చెబుతారు. అలవాటు స్త్రీలలో ఎక్కువ. ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్టకు పట్టిన నీరాజనం అందరికీ తెలిసినదే గాని, అదే ప్రాంతంలో నిప్పును నోట దాచుకొని పనిచేసుకొనే ఆడవారిని మన సాహిత్యం అంతగా పట్టించుకోలేదు. వారిని పట్టించుకున్నది పాథాలజీ.

నోటి క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల నాలుకకు, నోటి అడుగుభాగానికి, బుగ్గలోపలి పొరకు వస్తుంది. నోటి పైకప్పు, అంటే గట్టి అంగిలికి రావడం అరుదు. కోస్తా ఆంధ్రలో మాత్రం అంగిలి క్యాన్సర్ రోగులు తరచుగా కనిపించేవారు. 1945లో ఖానోల్కర్, సూర్యాబాయి కలిసి ప్రకటించిన వ్యాసం ప్రజల అలవాట్లతో ముడిపడిన మూడు కొత్త రకాల క్యాన్సర్లను భారతదేశం నుంచి వర్ణించింది. ఆ వ్యాసం దృష్టి నాకు ముఖ్యంగా తోస్తుంది. వలసపాలనాకాలపు వైద్యరచనల్లో తరచు కనిపించే జాతి, మతం, కులం అన్న విభజనలో ఆగిపోకుండా, ఆ విభజనల వెనుక ఉన్న నిర్దిష్టమైన అలవాటును వెలికితీసి చూపడమే దాని పద్ధతి. శరీరంలో ఏ చోట ఏది ఎంతకాలం ఒరుసుకుంటుందో, కాలుతుందో అక్కడ వ్యాధి పుడుతున్నదన్న ఈ దృష్టి, 1775లో లండన్‌లో పొగగొట్టాలు శుభ్రపరిచే పనివారిలో మసికీ క్యాన్సర్‌కూ సంబంధాన్ని గుర్తించిన పెర్సివల్ పాట్ దృష్టికి వారసురాలు.

1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చడంవల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ మీద వ్యాసం ప్రకటించారు. దాని శీర్షికలోనే వ్యాధి, ప్రాంతం, కారణం మూడూ ఉన్నాయి. అయితే ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూసి కారణాన్ని నిర్ధారించడంలో ఒక చిక్కుంది. రానివారి సంగతి తెలియదు. అడ్డపొగ తాగి కూడా ఏమీ కానివారు ఎందరు? తాగకుండా జబ్బుపడ్డవారు ఎందరు? దీనికి సూక్ష్మదర్శిని సమాధానం చెప్పలేదు. ఇల్లిల్లూ తిరగాలి.

ఆ తిరుగుడును తలకెత్తుకున్న బృందం కూర్పు గమనించదగినది. ఫాలీ మెహతా దంతవైద్యుడు. జెన్స్ పింద్‌బోర్గ్ డెన్మార్క్ నుంచి వచ్చిన నోటి పాథాలజీ నిపుణుడు. ప్రకాశ్ గుప్తా గణాంకవేత్త. వారి దంత పరిశోధన విభాగం ఉన్నది భౌతికశాస్త్రానికి, గణితానికి పేరుపొందిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో. దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో శ్రీకాకుళం ఒకటి. రెండేళ్ల తరువాత, 1971లో, ఆంధ్రప్రదేశ్‌లోని 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ల పరిశీలన ప్రత్యేక వ్యాసంగా వెలువడింది.

దానిలో జీవశాస్త్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన అంశం ఒకటుంది. పైపు తాగేవారి అంగిలి కూడా పొగవేడికి తెల్లబారి, ఎర్రటి చుక్కలు తేలుతుంది. ఆ మార్పు సాధారణంగా క్యాన్సర్‌కు దారితీయదని వైద్యులు భావిస్తారు. అడ్డపొగవారి అంగిలిలోనూ చూడడానికి దానిని పోలిన మార్పే మొదలవుతుంది, కాని దాని వెంట పుండ్లు, ఎర్రటి మచ్చలు, రంగుమార్పులు చేరి కొందరిలో క్యాన్సర్‌గా పరిణమిస్తుంది. రూపం దగ్గరిదే, గతి వేరు. ఒక కణజాలపు ముక్కను రంగువేసి చూసినంతమాత్రాన దాని భవిష్యత్తు తెలియదు. దాన్ని ఏళ్లతరబడి వెంబడించాలి. అలా వెంబడించడం 1977లో మొదలైన మరో అధ్యయనంలో మరింత ముందుకు వెళ్లింది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం ప్రాంతాల్లో 36,000కు పైగా పొగాకు వాడకందార్లను ఎంచుకొని, ఏటా పరీక్షిస్తూ, మానమని నచ్చజెబుతూ, ఏమవుతుందో చూశారు. మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గుతున్నట్లు 1986లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. క్యాన్సర్ వైపు నడుస్తున్న కణజాలం కొంతదూరం దాకా వెనక్కు మళ్లగలదన్నది ఇందులోని జీవశాస్త్ర సత్యం. పల్లెటూళ్లలో ఏళ్లకేళ్లు తలుపులు తట్టినవారు దాన్ని నిరూపించారు.

పొగలోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు శరీరంలో రూపాంతరం చెంది డీఎన్ఏకు అంటుకుంటాయని, పి53 అనే జన్యువులో నిర్దిష్టమైన చోట్ల పడతాయని 1996లో తేలింది. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ సందర్భం. పొగాకు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు అణుస్థాయిలో దొరికిన గొప్ప సమాధానాల్లో అదొకటి. ఆ సమాధానాన్ని మాత్రమే చదివిన విద్యార్థికి, అదే పొగ ఒకచోట బుగ్గను, ఒకచోట ఊపిరితిత్తిని, ఒకచోట అంగిలిని ఎందుకు ఎంచుకుంటున్నదో తోచదు. నిప్పు ఏ వైపు ఉందో అడగాలని పాఠ్యపుస్తకం చెప్పకపోవచ్చు. ఆ ప్రశ్న అడిగినవారు పొగ తాగే మనిషి నోరు తెరిచి చూసినవారు.

5. పట్టా వచ్చిన తరువాత

ఇప్పుడు పరిస్థితి మారింది. జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం అక్కడి క్యాన్సర్ పరిశోధన కేంద్రంతో కలిసి క్యాన్సర్ జీవశాస్త్రం ప్రధానాంశంగా ఎం.ఎస్సీ. నడుపుతోంది. బ్రిటన్‌లో ఏడాదిలో పూర్తయ్యే కార్యక్రమాలున్నాయి. తెలుగు రాష్ట్రాల విద్యార్థులు సాధారణంగా బయోటెక్నాలజీ, జీవరసాయనశాస్త్రం, జన్యుశాస్త్రం, జంతుశాస్త్రాల్లో ఎం.ఎస్సీ. చేస్తూ క్యాన్సర్ జీవశాస్త్రాన్ని ఒక పేపరుగా చదువుతారు. స్థోమత ఉన్నవారు, అప్పు దొరికినవారు ఆ పేరుగల పట్టాకోసం విదేశాలకు వెళుతున్నారు. ఆ చదువును తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. సుబ్బారావు, రణదివే ఏళ్లు వెచ్చించి ముక్కలుముక్కలుగా సంపాదించిన జ్ఞానం రెండేళ్లలో క్రమంగా అందడం మేలే. ఇంటి దగ్గర ప్రోత్సాహం లేని విద్యార్థికి, ముఖ్యంగా మొదటితరం చదువరికి, పేరున్న పట్టా ఒక ఆధారం. ఖానోల్కర్ వంటి గురువు తారసపడడంపై ఆధారపడిన వ్యవస్థ ఎందరికి న్యాయం చేయగలదు? రణదివే ఒక్కరు కనిపిస్తారు. తారసపడక ఆగిపోయినవారు కనిపించరు.

నా అభ్యంతరం పాఠ్యప్రణాళిక ఎక్కడ మొదలవుతుందన్న దానిపై. 2000లో హనహాన్, వైన్‌బర్గ్ క్యాన్సర్ కణానికి ఉండే ఆరు లక్షణాలను సూత్రీకరించారు. అప్పటినుంచి చాలా తరగతుల్లో తొలిపాఠం అదే అయింది. అది అద్భుతమైన క్రోడీకరణ, కాని క్రోడీకరణ చివర రావలసినది. ఆ ఆరింటిలో ప్రతి ఒక్కటీ ఏదో పక్కశాస్త్రం నుంచి వచ్చినవాడు వేసిన అసందర్భపు ప్రశ్నగా మొదలైంది. సాహిత్య విద్యార్థులు సంతోషించదగిన ఉదాహరణ ఒకటి చెప్పవచ్చు: క్యాన్సర్‌కు దారితీసే జన్యువుల మూలరూపాలు మామూలు కణాల్లోనే ఉన్నాయని 1976లో చూపిన బృందంలోని హెరాల్డ్ వార్మస్, వైద్యవిద్యకు వెళ్లకముందు హార్వర్డ్‌లో ఎం.ఏ. చేసింది ఆంగ్ల సాహిత్యంలో. 1989లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఈ పేపరును బోధించేవారు ఒక పని సులభంగా చేయవచ్చు. 1957 నాటి విశాఖ పరిశీలనను, 1971 నాటి 10,169 అంగిళ్ల వ్యాసాన్ని, 1986 నాటి ఫలితాలను వరుసగా చదివించి, ఒక్కొక్కదాన్నుంచి తరువాతిది ఎందుకు అవసరమైందో విద్యార్థుల చేత చెప్పించవచ్చు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. అవి మన జిల్లాల మనుషుల నోళ్ల నుంచి వచ్చిన సమాచారం. పరీక్షకు నోరు తెరిచిన ఆ స్త్రీల పేర్లు ఏ వ్యాసంలోనూ ఉండవు, హెన్రియెట్టా లాక్స్ పేరు చాలా ఏళ్లు లేనట్లే.

రణదివే పనిచేసిన పరిశోధన విభాగం 2002లో పరేల్ నుంచి నవీ ముంబయిలోని ఖార్ఘర్‌కు తరలింది. అక్కడి ప్రయోగశాలల్లో నేడు కణితుల జన్యుక్రమాలను చదువుతున్న పరిశోధక విద్యార్థులకు డాక్టరేట్ ఇచ్చేది హోమీ భాభా జాతీయ సంస్థ. వారు నమోదయ్యేది జీవశాస్త్రాల విభాగంలో. క్యాన్సర్ అన్న మాట ఆ విభాగం పేరులో ఇప్పటికీ లేదు.